బనగానపల్లె: తినదగినవి, త్రాగదగినవి, చూడదగినవి

క్రొత్త ఊరికి పోయినవాడు మొదట అడుగునవి మూడు ప్రశ్నలు: ఏమి తిందుము, ఏమి త్రాగుదుము, ఏమి చూతుము? చరిత్ర విద్యార్థి ఈ ప్రశ్నలను చులకన చేయరాదు. మహానగరములో వీటికి జవాబు అంగళ్ళ పట్టిక మాత్రమే. చిన్న పట్టణములోనైతే తిండి, నీరు, రాయి చాలవరకు ఆ నేలవే గనుక, జవాబు వెంట ఊరి కథ కూడ వచ్చును. ఇందుకు బనగానపల్లెను ఉదాహరణముగా తీసికొనుచున్నాను.

ఈ పట్టణము 2022 వరకు కర్నూలు జిల్లాలోనిది, ఇప్పుడు నంద్యాల జిల్లాలోనిది. 1948లో విలీనమగు వరకు నవాబులేలిన చిన్న సంస్థానమునకు రాజధాని. మద్రాసు ప్రభుత్వముతో సంబంధము గల సంస్థానములలో పుదుక్కోట, సండూరులతో పాటు దీని పేరు వినబడును. 2016లో నంద్యాల - ఎర్రగుంట్ల మార్గము పూర్తియైన పిదప రైలు సౌకర్యము కలిగినది.

ముందు తిండి సంగతి. హోటళ్ళ పేర్లు వ్రాయుట లేదు. అవి మారుచుండును, వంటలు అంత త్వరగా మారవు. ఉదయము ఈ సీమలో తినవలసినది ఉగ్గాని. బొరుగులను నీట తడిపి, పిండి, ఉల్లి, పచ్చిమిరప, పసుపు వేసిన తిరుగమోతలో కలిపి, పైన పుట్నాల పొడి చల్లుదురు. ప్రక్కన మిరపకాయ బజ్జీ ఉండవలెను. లేనిచో అది సగము ఫలహారమే. మధ్యాహ్నమునకు జొన్నరొట్టె, లేదా రాగిసంగటి, చెనిక్కాయల ఊరిబిండి. వాన తక్కువైన నేలలో పండునవి జొన్న, రాగి, చెనిక్కాయ. విస్తరిని చూచి వర్షపాతమును ఊహింపవచ్చును. ముస్లిముల యిండ్ల విందులలో బిరియానీ, దానితో దాల్చా. మాంసము, పప్పు, సొరకాయ కలిసిన ఆ వంటలో చింతపులుసు తగిలినప్పుడు అది దక్కను నేలదని నాలుకకే తెలియును.

వేసవిలో దాహము తీర్చునది నన్నారి షర్బత్తు. సుగంధి తీగ వేరును కాచి, ఆ రసమును చక్కెర పాకముతో కలిపి, నిమ్మరసము, చన్నీరు చేర్చి యిత్తురు. నల్లమల అడవులలో చెంచులు ఈ వేరును త్రవ్వి తెచ్చుట వాడుక. వేరుకొరకు తీగనే పెకలింపవలసి వచ్చును గనుక అడవిలో అది తరుగుటకు మన దాహము కూడ కారణమే. వట్టి రంగు, వాసన కలిపిన సీసాలును అమ్ముడగుచున్నవి. అసలు నన్నారిలో వేరు వగరు, మట్టి పరిమళము కొంత మిగులును.

ఇక మామిడి. ఊరి పేరును దేశమంతట మ్రోగించినది ఈ ఫలమే. తెలుగువారు దీనిని బంగినపల్లి అందురు. ఉర్దూ మాటలాడువారు బేనిషాన్ అందురు. ‘బే’ అనగా లేని, ‘నిషాన్’ అనగా గుర్తు, మచ్చ. తెలుగు పేరు పుట్టినచోటును చెప్పును. ఉర్దూ పేరు రూపమును చెప్పును. ఒక పేరే తెలిసినవానికి ఫలము సగమే పరిచయము. తొక్క పలుచన, కండ దట్టము, పీచు లేదు. కోసికొని తినుటకే తగినది. 2017లో దీనికి భౌగోళిక గుర్తింపు లభించినది. అయినను ఆ పేరుతో బజారుకు వచ్చు పండ్లు ఎన్నియో ఇతర జిల్లాల తోటలవి. పండు వచ్చునది కళాశాల మూసిన వేసవిలో. మన విహారయాత్రలు సాగునది చలికాలములో. ఆ యాత్రలో విద్యార్థికి దొరకునది పూత మాత్రమే!

చూడదగినవాటిలో యాగంటి ఉమామహేశ్వరాలయము ప్రధానము. కొండనుండి వచ్చు నీరు నంది నోటి గుండ పుష్కరిణిలో పడుచుండును. అచ్చటి బసవన్న పెరుగుచున్నాడని భక్తుల విశ్వాసము; ఒకప్పుడు చుట్టును ప్రదక్షిణము చేయ వీలుండెడిదని పెద్దలు చెప్పుదురు. పోతులూరి వీరబ్రహ్మముగారు పశువులను కాచుచు కాలజ్ఞానము వ్రాసిరని ప్రసిద్ధిగన్న రవ్వలకొండ ఊరి దాపుననే యున్నది. కొలిమిగుండ్ల వైపు పోయినచో బెలుము గుహలు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ వీటిని పేర్కొనెను. 1980 దశకములో జర్మను పరిశోధకులు శోధించిరి. 2002లో సందర్శకులకు తెరచిరి. నిడివి 3,229 మీటర్లు. సున్నపురాతిని నీరు కరగించగా నేలక్రింద ఏర్పడిన దారులివి. ఇదే సీమలో పలకలుగా లేచు నాపరాయి ఇండ్లకు గచ్చుగా పరచబడుచున్నది. గుహలో నీరు చేసిన పనిని తల యెత్తి చూచిన విద్యార్థి, బసకు వచ్చి కాలి క్రింది బండను కూడ చూడవలెను.

చివరకు నవాబు బంగళా. ఊరి వెలుపల గుట్టపై నున్న ఈ భవనము నవాబుల వేసవి విడిది యని చెప్పుదురు. 2009లో విడుదలైన ‘అరుంధతి’ చలనచిత్రములో కనబడిన పిమ్మట దీనికి ‘అరుంధతి బంగళా’ అను పేరు స్థిరపడినది. చూడవచ్చువారు సినిమాలోని భూతమును తలచి, ఛాయాచిత్రములు తీసికొని మరలుచున్నారు. సినిమావారిని తప్పుపట్టను, ఆ చిత్రము లేకున్న అంతమంది గుట్ట యెక్కెడివారు కారేమో. కాని కట్టించినవారెవరు, రాయి ఎచ్చటిది, పని చేసిన చేతులెవరివి అను మాటలు ముసలివారి జ్ఞాపకములలో మాత్రమే యున్నచో, క్రొత్త పేరు వాటిని త్వరలోనే కప్పివేయును. ఆ జ్ఞాపకములు కొన్ని ఉర్దూలో నున్నవి, కొన్ని తెలుగులో నున్నవి.

కనుక కమిటీ వారికి ఒక మనవి. రాబోవు యాత్రకు ఉర్దూ విద్యార్థి నొకనిని, తెలుగు విద్యార్థి నొకనిని జంటలుగా పంపవలెను. ఒక్కొక్క జంట ఒక్కొక్క వీథి పెద్దలను కలిసి, బంగళాకు సినిమాకు ముందున్న పేర్లను, కథలను ఇరుభాషలలో వ్రాసికొని రావలెను. వాటిని అచ్చువేయుటకు ఈ సంచికలోనే పుటలు కేటాయింపవచ్చును.