వెలుగెఱుగని లోకము

భూమిమీది జీవకోటికి సూర్యుడే ప్రాణాధారము. మొక్కలు సూర్యకాంతిని గ్రహించి ఆహారమును సిద్ధము చేసికొనును. మొక్కలను మేసి లేళ్ళును, లేళ్ళను చంపి పులులును బ్రదుకును. సముద్రములో గూడ ఇదియే ధర్మము. పైపై నీటిలో కంటికి కనబడని నాచుమొక్కలు పెరుగును. వానిని చిన్న జీవులు తినును. చిన్న జీవులను చేపలు తినును. కాని సూర్యకాంతి వేయి మీటర్ల లోతును దాటి పోజాలదు. అందుచే అంతకు దిగువనున్న సముద్రగర్భము ఎడారివంటి దనియు, పైనుండి రాలిపడు ఎంగిలితో కొలది జీవులు మాత్రమే అచట కాలము గడపుచున్న వనియు శాస్త్రజ్ఞులు చిరకాలము తలంచిరి. 1977వ సంవత్సరములో ఆ తలంపు తలక్రిందులయ్యెను.

మహాసముద్రముల అడుగున సుమారు 65,000 కిలోమీటర్ల పొడవున ఒక పర్వతశ్రేణి కలదు. హిమాలయముల పొడవు సుమారు 2,400 కిలోమీటర్లని జ్ఞప్తికి తెచ్చుకొన్నచో ఇది యెంత పెద్దదో బోధపడును. ఈ శ్రేణి వెంట భూమి పైపొర పలకలుగా చీలి, ఆ పలకలు మెల్లమెల్లగా ఒకదానికొకటి దూరమగుచుండును. నెఱియలగుండ కరగిన శిల పైకి ఉబికి, గట్టిపడి, క్రొత్త నేల యగును. సముద్రజలము ఆ నెఱియలలోనికి దిగి, వేడిశిలలను తాకి కాగి, గంధకమును లోహములను తనలో కలుపుకొని మరల పైకి చిమ్మును. ఇట్టి వేడినీటి బుగ్గలు అచట ఉండితీరవలెనని భూశాస్త్రజ్ఞులు ఊహించిరి గాని, ఆ శ్రేణిమీద వానిని కన్నులార చూచినవారు లేకుండిరి.

వానిని వెదకుటకు 1977 ఫిబ్రవరిలో అమెరికా శాస్త్రజ్ఞులు కొందరు పసిఫిక్ మహాసముద్రములోని గాలపాగస్ దీవుల సమీపమునకు వెళ్ళిరి. వారు శిలలను పరిశీలింప వచ్చినవారు. జీవశాస్త్రజ్ఞుడు వారిలో ఒక్కడును లేడు. ముందుగా వారు కెమెరాలు అమర్చిన చట్రమును ఓడకు కట్టి అడుగున ఈడ్చిరి. ఒకచోట నీటి వేడిమి క్షణకాలము పెరిగెను. ఆ చోట తీసిన చిత్రములలో తెల్లని ఆల్చిప్పలు గుంపులు గుంపులుగా కనబడెను. పిమ్మట కార్లిస్, వాన్ ఆండెల్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు, చోదకునితో గూడ, ఆల్విన్ అను చిన్న జలాంతర్గామిలో సుమారు 2,500 మీటర్ల లోతునకు దిగిరి. దీపముల వెలుగులో వారికి గోరువెచ్చని బుగ్గలు కనబడెను. వాని చుట్టును ఆల్చిప్పలు, పీతలు మూగియుండెను. ఎడారి యనుకొన్న చోట సంత కూడినట్లుండెను. పైకి తెచ్చిన నీటిని పరీక్షింపగా కుళ్ళిన కోడిగ్రుడ్ల వాసన వచ్చెను. అది హైడ్రోజన్ సల్ఫైడు అను విషవాయువు వాసన.

ఆ బుగ్గలవద్ద దొరకిన వానిలో మిక్కిలి వింతయైనది గొట్టపు పురుగు. తెల్లని గొట్టములో నివసించు నీ పురుగు రెండు మీటర్ల వరకు పెరుగును. దాని కొనను రక్తమువలె ఎఱ్ఱనైన కుచ్చు కలదు. దానికి నోరు లేదు, కడుపు లేదు. మఱి అది యెట్లు బ్రదుకుచున్నది? 1980లో హార్వర్డ్ విశ్వవిద్యాలయమున మెరెడిత్ జోన్సు అను శాస్త్రజ్ఞుడు ఈ పురుగును గూర్చి ఉపన్యసించుచు, దాని దేహములో గంధకపు పలుకులు కనబడినవని చెప్పెను. సభలోనున్న కొలీన్ కావనా అను విద్యార్థిని లేచి, ఆ దేహములో గంధకముతో జీవించు బాక్టీరియాలు ఉండవలెనని వాదించెను. ఆమె ఊహ నిజమని పరిశోధనలలో తేలెను. 1981లో అది ప్రకటింపబడెను. పురుగు తన కుచ్చుతో ప్రాణవాయువును, హైడ్రోజన్ సల్ఫైడును గ్రహించి రక్తముద్వారా బాక్టీరియాలకు అందించును. అవి ఆ రెండింటి కలయికవలన పుట్టిన శక్తితో ఆహారమును తయారు చేసి పురుగును పోషించును. సూర్యకాంతి చేయు పని నిచట గంధకము చేయుచున్నది. అయినను ఆ ప్రాణవాయువు మొదట పైనున్న మొక్కలనుండి వచ్చినదే. కావున ఈ లోకమునకు గూడ సూర్యుని ఋణము పూర్తిగా తీరలేదు.

1979లో మెక్సికో తీరమునకు దూరమున, అదే పర్వతశ్రేణిపై, నల్లని పొగవంటి నీటిని చిమ్ము రాతి గొట్టములు కనబడెను. ఆ నీటి వేడిమి సుమారు 350 డిగ్రీలు. చుట్టునున్న నీటి వేడిమి రెండు డిగ్రీలు మాత్రమే. పైనున్న నీటి బరువుచే అది మరిగి ఆవిరి కాజాలదు. వేడినీరు చల్లని నీటిని కలియగానే అందలి లోహములు పేరుకొని గొట్టములుగా ఏర్పడును. రాగి, జింకు, వెండి, బంగారము వానిలో నుండును.

ఈ సంపదయే నేడు ఆ జీవులకు ఆపద తెచ్చునేమో యను భయము కలుగుచున్నది. హిందూ మహాసముద్రపు బుగ్గలవద్ద 2001లో ఒక నత్త దొరకెను. దాని పాదము ఇనుము, గంధకము కలిసిన పొలుసులతో కవచము తొడిగినట్లుండును. అది కొలది బుగ్గలవద్ద మాత్రమే కానవచ్చును. సముద్రగర్భమును తవ్వుటవలన ముప్పు కలుగునని 2019లో దానిని అంతరించు ప్రమాదమున్న జీవుల పట్టికలో చేర్చిరి. హిందూ మహాసముద్రపు శ్రేణులలో ఖనిజములను అన్వేషించుటకు చైనా, జర్మనీ దేశములతోపాటు, 2016లో కుదిరిన ఒడంబడికచే, భారతదేశమునకు గూడ హక్కు లభించినది.

చెడిన చోట జీవులు మరల పుట్టవా యని కొంద రడుగుదురు. 1991లో తూర్పు పసిఫిక్ శ్రేణిపై అగ్నిపర్వతము ప్రేలి గొట్టపు పురుగులు మాడిపోయెను. 1993 చివరకు అచటనే ఒకటిన్నర మీటరు పొడవైన క్రొత్త పురుగులు పెరిగియుండెను. కాని అచట బుగ్గలు ఒకదానికొకటి చేరువగా నుండును. పొరుగు బుగ్గలనుండి పిల్లపురుగులు నీటిలో కొట్టుకొని వచ్చును. హిందూ మహాసముద్రములో బుగ్గలు దూరదూరముగా నున్నవి. ఒకచోట చెడినదానిని నింపుటకు పొరుగు దగ్గరలో లేదు.

నాడు రాళ్ళకొఱకు దిగినవారికి ప్రాణులు కనబడెను. నేడు లోహములకొఱకు దిగువారికి గూడ ఆ ప్రాణులు కనబడవలెను.