రక్తపోటు రోగులు కాల్షియంకు భయపడనవసరం లేదు

అధిక రక్తపోటు గలవారికి వైద్యులు తరచుగా ఆమ్లోడిపిన్ వంటి మాత్రలు వ్రాస్తారు. వీటిని 'కాల్షియం ఛానెల్ బ్లాకర్లు' అంటారు. ఈ పేరు విని, కాల్షియం తమకు శత్రువని భావించి పాలు, పెరుగు, చోడి అంబలి మానివేయడం పొరపాటు. నిజానికి ఆహారంలో కాల్షియం కొరవడడమే రక్తపోటు పెరుగుటకు కొంత దోహదం చేస్తుంది.

కారణమేమి?

ఆహారం ద్వారా కాల్షియం చాలినంత లభించనప్పుడు పారాథైరాయిడ్ గ్రంథుల స్రావం అధికమవుతుంది. దాని ప్రభావం వలన రక్తనాళాల గోడలలోని కండర కణాలలోనికి కాల్షియం ఎక్కువగా చేరి, నాళాలు సంకోచిస్తాయని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. మాత్ర ఆ కణాల ద్వారాలను మూస్తుంది; తగిన ఆహారం ఆ గ్రంథులను శాంతపరుస్తుంది. ఈ రెండింటికీ వైరం లేదు.

1997లో వెలువడిన అమెరికాలోని 'డ్యాష్' పరిశోధనలో 459 మంది పాల్గొన్నారు. సాధారణ ఆహారం తిన్నవారితో పోల్చగా, పండ్లు, కూరగాయలు హెచ్చుగా తిన్నవారిలో పై రక్తపోటు 2.8 మి.మీ. తగ్గినది. వాటితోపాటు వెన్న తీసిన పాల పదార్థాలు చేర్చి, కొవ్వు తగ్గించినవారిలో 5.5 మి.మీ. తగ్గినది. ఈ ఘనత కాల్షియం ఒక్కదానిదే కాదు. విడిగా కాల్షియం మాత్రలు మింగినందువలన కలిగే తగ్గుదల స్వల్పమే.

మన ఆహారంలో

ఉత్తరాంధ్ర పల్లెలలో ఒకప్పుడు ప్రొద్దుటే చోడి అంబలి త్రాగేవారు. కొండలపై సాఫ్ట్‌వేర్ కార్యాలయాలు వెలసిన మధురవాడ వంటి చోట ఆ స్థానాన్ని ఇడ్లీ, ఉప్మాలు ఆక్రమించాయి. 100 గ్రాముల చోళ్ళలో సుమారు 360 మి.గ్రా. కాల్షియం ఉండగా, పాలిష్ బియ్యంలో 10 మి.గ్రా. కూడా ఉండదు.

పెద్దలకు రోజుకు 1000 మి.గ్రా. కాల్షియం అవసరమని 2020లో భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ నిర్దేశించాయి. చోడిపిండి 50 గ్రాములు, పాలు, పెరుగు కలిపి 400 మి.లీ., మునగాకు 50 గ్రాములు, నువ్వులు 10 గ్రాములు తీసుకొంటే దాదాపు 950 మి.గ్రా. సమకూరుతుంది. మిగిలినది పప్పు, కూరలు పూరిస్తాయి.

జాగ్రత్తలు

ఉప్పు అధికమైతే మూత్రం ద్వారా కాల్షియం నష్టమవుతుంది, రక్తపోటూ పెరుగుతుంది. రోజుకు 5 గ్రాములు మించరాదు. అంబలిలోను, మజ్జిగలోను ఉప్పు తగ్గించాలి. భీమిలి తీరపు పచ్చి నెత్తళ్ళను ముళ్ళతో తింటే కాల్షియం లభిస్తుంది. ఉప్పు వేసి ఎండబెట్టినవి రక్తపోటు రోగులకు తగవు.

శంఖభస్మం, ప్రవాళభస్మం కూడా కాల్షియం గలవే. వీటినిగాని, కాల్షియం మాత్రలనుగాని వైద్యుని సలహా లేక వాడరాదు. మూత్రం జారీచేసే కొన్ని మాత్రలతో కలిసినప్పుడు రక్తంలో కాల్షియం ప్రమాదకరంగా పెరగవచ్చు. మూత్రపిండాల వ్యాధి గలవారు ఆహార మార్పులకు సైతం వైద్యుని సంప్రదించాలి.

పథ్యం ఔషధానికి తోడు, బదులు కాదు. అంబలి ప్రారంభించామని రక్తపోటు మాత్రను ఎన్నడూ మానరాదు.