అటక దించుదాం

సంక్రాంతి వస్తున్నదంటే తెలుగువారి ఇళ్ళలో ముందుగా కదిలేది చీపురు. బూజులు దులుపుతారు. గోడలకు సున్నం వేస్తారు. అటక మీది సామాను కిందికి దించుతారు. హోసూరులో ఉన్నా, బళ్ళారిలో ఉన్నా, బరంపురం, షోలాపూరు, యానాంలలో ఉన్నా మనవారు ఈ అలవాటు మానలేదు. అయితే దించిన సామానులో చాలా భాగం దుమ్ము దులిపించుకొని మళ్ళీ అటకే ఎక్కుతుంది. ఎందుకని? "ఎప్పటికైనా పనికివస్తుందిలే" అనే ఒక్క మాట వల్ల.

ఆ మాటలో తప్పు లేదు. మన పెద్దలు లేమిని ఎరిగినవారు. పాత చీరను బొంతగా కుట్టారు. చిరిగిన పంచెను వడకట్టే గుడ్డగా వాడారు. అంటే వారు వస్తువును దాచింది వాడుకోవడానికే. వాడకుండా పేర్చడం వేరు, వాడుకోవడానికి దాచడం వేరు. ఈ తేడా తెలిస్తే ఇల్లు సర్దడం సులభమవుతుంది.

పేరుకుపోయిన సామాను వల్ల నష్టాలు చాలా ఉన్నాయి. దాని చాటున బొద్దింకలు, ఎలుకలు, తేళ్ళు చేరతాయి. ఉన్న కత్తెర కనిపించక మరొకటి కొంటాం. పెరట్లో పడవేసిన పాత టైర్లలో, కొబ్బరి చిప్పలలో వాననీరు నిలిస్తే, డెంగ్యూ జ్వరాన్ని వ్యాపింపజేసే దోమలు వారం పది రోజులలో అక్కడే పుట్టి పెరుగుతాయి.

మరి సర్దడం ఎలా? ఇల్లంతా ఒకే రోజున తలకెత్తుకోకూడదు. ఒక రోజు ఒక అర, మరొక రోజు ఒక పెట్టె చొప్పున తీసుకోవాలి. అందులోని వస్తువులన్నీ బయటపెట్టి, అరను తుడిచి, వస్తువులను ఐదు కుప్పలుగా వేరుచేయాలి.

1. మనం వాడుతున్నవి.
2. బాగుచేయిస్తే పనికివచ్చేవి.
3. ఇతరులకు ఇవ్వదగినవి.
4. తీసివేయవలసినవి.
5. పెద్దలను అడగవలసినవి.

రెండవ కుప్పకు పదిహేను రోజులు గడువు పెట్టుకోవాలి. ఆలోగా బాగుచేయించలేకపోతే అది నాలుగవ కుప్పలో చేరవలసిందే. మూడవ కుప్పలోని బట్టలను ఉతికి, ఊడిన గుండీలు కుట్టి ఇవ్వాలి. మనం తొడుక్కోవడానికి సిగ్గుపడే చిరుగుల బట్టను ఇతరులకు ఇవ్వడం దానం కాదు. అది ఇల్లు తుడిచే గుడ్డగా పనికివస్తుంది.

నాలుగవ కుప్పలో కాగితాలు, ఇనుము, సీసాలు పాతసామాను కొనేవారికి ఇవ్వవచ్చు. అరిగిన బ్యాటరీలు, పాడైన సెల్‌ఫోన్లు, ట్యూబులైట్లు మామూలు చెత్తలో కలపకూడదు. వాటిలో విషపదార్థాలు ఉంటాయి. వాటిని విడిగా సేకరించే చోట అప్పగించాలి. భోగిమంటలో కట్టెలు, పిడకలు వేయడం మన ఆచారం. ప్లాస్టిక్కు, టైర్లు వేయడం ఆచారం కాదు. 2018లో భోగి నాటి ఉదయం చెన్నైలో మంచుతో మంటల పొగ కలిసి దట్టంగా కమ్మడంతో విమానాల రాకపోకలకు కూడా అంతరాయం కలిగింది.

మిగిలిన వాటిని తిరిగి పెట్టేటప్పుడు రోజూ వాడేవి చేతికందే ఎత్తులో, ఏడాదికొకసారి వాడేవి పైన పెట్టాలి. ప్రతి పెట్టె మీద లోపల ఏమున్నదో తెలుగులో రాసి అంటించాలి. "ఇల్లు చూసి ఇల్లాలిని చూడు" అని సామెత. కాని ఇల్లు ఇల్లాలు ఒక్కరిదే కాదు. సర్దే పనిలో అందరికీ పాలు ఉంది.

ఇక ఐదవ కుప్ప. అన్నిటికన్నా జాగ్రత్త అవసరమైనది ఇదే. పాత ఉత్తరాలు, పొలం దస్తావేజులు, పద్దు పుస్తకాలు, పెళ్ళి శుభలేఖలు, అవ్వ పాటలు రాసుకున్న నోటు పుస్తకం ఇందులో ఉంటాయి. తరాల కిందట వచ్చి స్థిరపడిన మన కుటుంబాలలో, ఇంట తెలుగు మాట్లాడేవారు ఎందరున్నా చదవగలిగేవారు కొద్దిమందే ఉంటారు. ఆ కాగితాలు చదవగలిగినది ఒక్కొక్కప్పుడు మీరు ఒక్కరే కావచ్చు. మీరు చదవకపోతే అవి కిలోల లెక్కన తూకానికి పోతాయి. మీ కుటుంబం ఏ ఊరినుండి వచ్చిందో చెప్పే ఉత్తరం కూడా వాటితోపాటే పోవచ్చు.

ఇటువంటి నష్టం మన భాషకు కొత్తది కాదు. పందొమ్మిదవ శతాబ్దంలో ఆదరణ లేక చెదలపాలవుతున్న తెలుగు తాళపత్ర గ్రంథాలను సి.పి. బ్రౌన్ సేకరించి, పండితులచేత శుద్ధప్రతులు రాయించాడు. ఆయన సేకరించిన గ్రంథాలు నేడు చెన్నైలోని ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఉన్నాయి. తంజావూరు సరస్వతీ మహలు కూడా ఎన్నో తెలుగు గ్రంథాలను కాపాడుతున్నది. ఈ రెండూ తమిళనాడులోనే ఉన్నాయని గమనించండి.

కాబట్టి పాత కాగితం దొరికితే ముందు చదవండి. అందులోని పేర్లు ఎవరివో పెద్దలను అడిగి వేరే చీటీ మీద రాసి జతచేయండి. తుప్పు పట్టిన గుండుసూదులు మెల్లగా తీసివేయండి. చినిగినచోట జిగురు టేపు అంటించకండి. పొడి గుడ్డలో చుట్టి, తేమ తగలని చోట ఉంచండి. తాటాకుల కట్ట దొరికితే ఆకులను బలవంతంగా విడదీయక ఉపాధ్యాయునికి చూపండి.

ఇల్లు సర్దడమంటే అన్నీ పారవేయడం కాదు. ఏది పోవాలో, ఏది ఉండాలో తెలుసుకోవడం.

అభ్యాసం

అ) అర్థాలు తెలుసుకోండి.
లేమి = పేదరికం
దస్తావేజు = ఆస్తి హక్కు పత్రం
శుద్ధప్రతి = తప్పులు లేకుండా రాసిన ప్రతి
భాండాగారం = గ్రంథాలు భద్రపరిచే చోటు

ఆ) జవాబులు రాయండి.
1. దాచడానికి, పేర్చడానికి గల తేడా ఏమిటి?
2. రెండవ కుప్పకు గడువు ఎందుకు పెట్టాలి?
3. ఐదవ కుప్ప విషయంలో మీ బాధ్యత ఏమిటి?

ఇ) విడదీయండి.
భోగిమంట, తాటాకు, ఏడాదికొకసారి

ఈ) చేసి చూడండి.
మీ ఇంట్లోని ఒక పాత తెలుగు ఉత్తరాన్ని పెద్దలకు చదివి వినిపించండి. వారు చెప్పిన విషయాలను పది వాక్యాలలో రాయండి.