తలకు తగిన టోపీ – చేతికి దక్కవలసిన విలువ

ఎవరైనా మనల్ని మోసం చేస్తే "వాడు నాకు కుచ్చుటోపీ పెట్టాడు" అంటాం. తలపాగాకు ఇచ్చిన గౌరవం మన భాష టోపీకి ఇవ్వలేదు. కానీ నిజమైన కుచ్చుటోపీ ఒకటి మన నేల మీదే ఉండేది. నిజాం కాలంలో హైదరాబాదులో షేర్వానీతో పాటు ధరించిన ఎర్రని రూమీ టోపీ అది. దాని పైన నల్లని కుచ్చు వేలాడుతూ ఉండేది. టర్కీలో 1925లో చట్టం చేసి ఆ టోపీని నిషేధించారు. ఆ తరువాత కూడా కొన్నేళ్ళు అది హైదరాబాదు వీధుల్లో కనిపించింది. ఆ టోపీని నేసిన గుడ్డతో కాక ఫెల్టుతో చేసేవారు.

సోదర సోదరీ విద్యార్థులారా! చేతితో, మన తల కొలతకు చేసే ఫెల్టు టోపీ గురించి ఈ వ్యాసంలో తెలుసుకుందాం. మన ఎండలకు ఈ టోపీ ఎందుకు అనే సందేహం మీకు రావచ్చు. ఎమ్మెస్సీ రసాయన శాస్త్రంలో పాదరసం పాఠం చదువుతున్నప్పుడు మాకు ఈ టోపీలు ఎదురయ్యాయి. ఒక వస్తువును సొంతం చేసుకోవడమంటే డబ్బు ఇచ్చి తెచ్చుకోవడం మాత్రమేనా, ఇంకేమైనా ఉందా అని ఆలోచింపజేశాయి. అందుకే ఈ నాలుగు మాటలు మీతో పంచుకుంటున్నాము.

ఫెల్టు అంటే ఏమిటి?

బట్ట తయారు కావాలంటే ముందు దారం వడకాలి, తరువాత మగ్గం మీద నేయాలి. ఫెల్టుకు ఈ రెండూ అవసరం లేదు. ఉన్ని పోగును సూక్ష్మదర్శినిలో చూస్తే దాని మీద చేప పొలుసుల వంటి పొరలు కనిపిస్తాయి. తడి, వేడి, ఒత్తిడి తగిలినప్పుడు పోగులు కదిలి ఒకదానిలో ఒకటి చిక్కుకుంటాయి. పొలుసులు ఒక వైపుకే వాలి ఉండటం వల్ల చిక్కుకున్న పోగు వెనక్కి రాదు. అలా రుద్దే కొద్దీ దగ్గరకు ముడుచుకుని గట్టి పలకలా తయారవుతుంది. అదే ఫెల్టు.

తల దువ్వకుండా వదిలేస్తే జుట్టు జడలు కట్టడం మనకు తెలిసిందే. ఉన్ని స్వెట్టరును వేడి నీళ్ళలో వేసి బాగా రుద్దితే అది చిన్నపిల్లల స్వెట్టరంత అవుతుంది. ఈ రెండింటిలో మనకు ఇబ్బందిగా కనిపించే గుణాన్నే మనిషి ఒక విద్యగా మార్చుకున్నాడు.

మన గొంగడి కూడా గొర్రె ఉన్నితోనే తయారవుతుంది. అయితే గొంగడిని దారం వడికి, మగ్గం మీద నేస్తారు. కాబట్టి గొంగడి ఫెల్టు కాదు. కాశ్మీరులో పరిచే నమ్దా మాత్రం ఫెల్టే. రష్యాలోని ఆల్టాయి పర్వతాల్లో పజిరిక్ అనేచోట సుమారు 2,300 ఏళ్ళ క్రితపు సమాధుల్లో ఫెల్టు వస్తువులు దొరికాయి. సమాధులు మంచులో గడ్డకట్టి ఉండటం వల్ల అవి చెడిపోలేదు. కిర్గిజ్ ప్రజలు ధరించే 'అక్-కల్పక్' అనే తెల్లని ఫెల్టు టోపీ తయారీ విద్యను యునెస్కో 2019లో మానవజాతి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

టోపీ తయారయ్యే విధానం

ఫెల్టు టోపీలు ముఖ్యంగా రెండు రకాలు. గొర్రె ఉన్నితో చేసేవి మొదటి రకం. కుందేలు, బీవర్ వంటి జంతువుల మెత్తని బొచ్చుతో చేసేవి రెండవ రకం. బొచ్చు ఫెల్టు సన్నగా, తేలికగా ఉండి ఎక్కువ కాలం మన్నుతుంది. కావున ధర కూడా ఎక్కువ.

ముందుగా బొచ్చును శుభ్రం చేసి, శంకువు ఆకారంలో పలుచని పొరగా పేరుస్తారు. అప్పుడది చివరకు కావలసిన టోపీ కంటే చాలా పెద్దదిగా ఉంటుంది. వేడి నీటిలో తడుపుతూ, చుట్టచుట్టి ఒత్తుతూ మళ్ళీ మళ్ళీ కుదిస్తారు. ఈ మొరటు రూపాన్ని ఇంగ్లీషులో 'బాడీ' అంటారు. నేడు టోపీ చేసే పనివారిలో చాలామంది ఈ బాడీని మిల్లు నుండి తెచ్చుకుని, మిగతా పనిని తమ చేతులతో చేస్తారు.

తరువాత బాడీని ఆవిరి పట్టి మెత్తబరుస్తారు. తల ఆకారంలో ఉన్న చెక్క దిమ్మ మీదకు లాగి, తాడుతో బిగించి ఆరబెడతారు. ఆ తరువాత ఇస్త్రీ చేసి, సన్నని గరుకు కాగితంతో రుద్ది నునుపు చేస్తారు. అంచును కావలసిన వెడల్పుకు కోస్తారు. నుదుటికి ఆనే చోట లోపల తోలు పట్టీ కుడతారు. చివరగా బయట రిబ్బను కట్టి, పై భాగంలో చేత్తోనే మడతలు తీరుస్తారు. వీటిలో ఏ దశలో తొందరపడినా చివరకు టోపీలో ఆ లోపం బయటపడుతుంది.

కొలతలోని గణితం

తల కొలత తీసుకోవడానికి టేపును చెవులకు కాస్త పైన, కనుబొమలకు ఒక వేలు ఎత్తున, నుదుటి మీదుగా చుట్టూ పట్టాలి. బిగించకూడదు, వదులుగానూ ఉంచకూడదు. ఆ చుట్టుకొలత 57 సెంటీమీటర్లు అనుకుందాం. దానిని 2.54తో భాగిస్తే సుమారు 22.44 అంగుళాలు వస్తుంది. దానిని మళ్ళీ 'పై' విలువ 3.14తో భాగిస్తే దాదాపు 7.15 వస్తుంది. అమెరికాలో ఈ తలకు సరిపోయే టోపీ సైజు 7⅛. అంటే, తలను వృత్తం అనుకుంటే దాని వ్యాసం ఎన్ని అంగుళాలో అదే టోపీ సైజు! పదో తరగతి లెక్క టోపీ దుకాణంలో ఇలా ఉపయోగపడుతుంది.

అయితే ఏ మనిషి తలా వృత్తం కాదు. చుట్టుకొలత ఒకటే అయిన ఇద్దరిలో ఒకరి తల కోలగా ఉండవచ్చు, ఇంకొకరిది గుండ్రంగా ఉండవచ్చు. ఒకే సైజు టోపీ ఒకరికి నుదుటి దగ్గర నొక్కుతుంది, ఇంకొకరికి పక్కల దగ్గర నొక్కుతుంది. దీనికి పరిష్కారంగా 19వ శతాబ్దంలో పారిస్‌లో 'కన్ఫర్మేటర్' అనే పరికరాన్ని కనిపెట్టారు. చుట్టూ కదిలే పలకలున్న ఆ పరికరాన్ని టోపీలా తల మీద పెడితే, తల అసలు ఆకారాన్ని చిన్నదిగా చేసి ఒక కాగితం మీద సూదులతో గుచ్చి చూపిస్తుంది. ఆ కాగితాన్ని దాచుకుంటే, అదే మనిషికి ఎన్నేళ్ళ తరువాతైనా మళ్ళీ టోపీ చేయవచ్చు.

ఆ కాగితం గురించి చదివినప్పుడు మాకు మా నాన్నగారు గుర్తుకు వచ్చారు. ఆయన చెప్పులు కుడతారు. అడుగును అట్టముక్క మీద పెట్టించి, చుట్టూ పెన్సిలుతో గీత గీస్తారు. బొటనవేలి పక్క ఎముక ఉబ్బి ఉంటే అక్కడ చిన్న గుర్తు పెడతారు. ఊళ్ళో ఎవరి కాలు ఎలాంటిదో ఆయనకు తెలుసు. కానీ ఆ కాళ్ళవారి గడపలు దాటే హక్కు చాలాకాలం ఆయనకు లేకపోయింది. మా ఇంట్లో మొదటి డిగ్రీ మాదే. కొలత తీసే విద్య మాత్రం మా ఇంటికి డిగ్రీ కంటే చాలా ముందే వచ్చింది.

చేసినవారికే పడిన టోపీ

ఇక పాదరసం విషయానికి వద్దాం. కుందేలు బొచ్చు నునుపుగా ఉంటుంది, సులభంగా చిక్కుకోదు. అందుకని దానికి మెర్క్యురిక్ నైట్రేట్ ద్రావణం పూసేవారు. అప్పుడు బొచ్చు కొసలు నారింజ రంగుకు మారేవి. అందువల్ల ఈ పనికి 'క్యారెటింగ్' అని పేరు వచ్చింది. ఆ బొచ్చును ఆరబెట్టినప్పుడు, వేడి నీటితో కుదించినప్పుడు, ఆవిరి పట్టినప్పుడు పాదరసం ఆవిరి గదిలో నిండేది. గాలి ఆడని గదుల్లో పనివారు ఏళ్ళ తరబడి దానినే పీల్చారు.

పాదరసం నాడీమండలాన్ని దెబ్బతీస్తుంది. చేతులు వణుకుతాయి, నోట లాలాజలం ఊరుతుంది, పళ్ళు కదులుతాయి. మనిషి చీటికీమాటికీ కోపం తెచ్చుకుంటాడు, నలుగురిలోకి రావడానికి బిడియపడతాడు. అమెరికాలో టోపీల పరిశ్రమకు పేరుపొందిన డాన్‌బరీ పట్టణంలో ఈ వణుకును ఆ ఊరి పేరుతోనే పిలిచేవారు. ఇంగ్లీషులో 'టోపీలవాడంత పిచ్చి' అనే నానుడి ఉంది. దాని పుట్టుక గురించి భిన్నాభిప్రాయాలు ఉన్నా, పనివారి జబ్బు మాత్రం నిజం. లోకం ఆ జబ్బును చూసి నవ్వుకుంది.

1860లోనే న్యూజెర్సీలో ఫ్రీమన్ అనే వైద్యుడు టోపీ కార్మికుల పాదరసం జబ్బు గురించి రాశాడు. అమెరికా టోపీ పరిశ్రమలో పాదరసం వాడకం నిలిచిపోయింది 1941 డిసెంబరులో. మధ్యలో 81 ఏళ్ళు గడిచాయి! హైడ్రోజన్ పెరాక్సైడుతో అదే పని చేయవచ్చని తెలిసింది, కానీ ఎన్ని చేతులు వణికిన తరువాత?

ఆ కార్మికులు ఊరకే కూర్చోలేదు. సంఘం పెట్టుకున్నారు. డాన్‌బరీలో 1902లో ఒక యజమాని సంఘాన్ని గుర్తించకపోతే సమ్మె చేశారు, ఆ టోపీలు కొనవద్దని ప్రచారం చేశారు. యజమాని కోర్టుకు వెళ్ళాడు. 1908లో అమెరికా సుప్రీంకోర్టు ఆ బహిష్కరణ చట్టవిరుద్ధమని తీర్పు చెప్పింది. నష్టపరిహారం భారం మామూలు సభ్యుల ఇళ్ళ మీదకు, పొదుపు సొమ్ము మీదకు వచ్చింది. అంటే టోపీలు చేసినవారికే టోపీ పడింది.

సొంతం చేసుకోవడం అంటే

అమెరికా, కెనడా వంటి చలి దేశాల్లో స్థిరపడిన మన పూర్వ విద్యార్థులు ఇలాంటి టోపీ కొనుక్కోవాలనుకుంటే కొన్ని విషయాలు గమనించాలి. కొలతకు చేయించుకునే బొచ్చు ఫెల్టు టోపీ ధర కొన్ని వందల డాలర్లు ఉంటుంది. టోపీ లోపల కనిపించే 'ఎక్స్' గుర్తుల సంఖ్యను చూసి మోసపోవద్దు. అన్ని కంపెనీలకూ వర్తించే ప్రమాణం ఏదీ వాటికి లేదు. ఫెల్టు దేనితో చేశారో, బాడీ ఎక్కడి నుండి తెచ్చారో, పాతబడితే బాగుచేసి ఇస్తారో లేదో పనివారినే అడగాలి. తన పని తెలిసినవాడు ఆ ప్రశ్నలకు సంతోషంగా జవాబిస్తాడు.

కొన్న తరువాత జాగ్రత్తగా వాడుకోవడం మన వంతు. పై మడతను వేళ్ళతో నొక్కి పట్టుకుంటే కొంతకాలానికి అక్కడ చిరుగు పడుతుంది. కాబట్టి అంచుతో పట్టుకోవాలి. బల్ల మీద పెట్టేటప్పుడు తలకిందులుగా పెట్టాలి, లేకపోతే అంచు ఆకారం చెడుతుంది. మెత్తని బ్రష్షుతో దుమ్ము తీయాలి. వానలో తడిస్తే నీళ్ళు దులిపి, లోపలి తోలు పట్టీని బయటికి తిప్పి, నీడలో ఆరనివ్వాలి. పొయ్యి దగ్గర, ఎండలో నిలిపిన కారులో పెడితే టోపీ ముడుచుకుపోతుంది. దాచేటప్పుడు పురుగు పట్టకుండా చూడాలి. ఇలా వాడితే అది దశాబ్దాలు నిలుస్తుంది. ఆకారం చెడితే మళ్ళీ ఆవిరి పట్టి దిమ్మ మీద సరిచేయవచ్చు, తోలు పట్టీ మార్చవచ్చు.

దీనిని బట్టి చూస్తే, ధర చెల్లించడంతోనే వస్తువు మనది అయిపోదు. అది ఎలా తయారైందో తెలుసుకోవాలి, చేసినవారికి న్యాయమైన ప్రతిఫలం, ఆరోగ్యం దక్కాయా అని అడగాలి, పాడుకాకుండా చూసుకోవాలి. అప్పుడే ఆ వస్తువు పూర్తిగా మనదవుతుంది.

మనం చేయవలసినది

మనలో చాలామంది ఆ టోపీని ఎప్పటికీ కొనకపోవచ్చు. కానీ హాస్టలుకు వచ్చిన మనందరి వెనుక పనిచేసిన చేతులు ఉన్నాయి. కొందరి ఇంట ఆరె, కత్తి ఉంటాయి. కొందరి ఇంట కొడవలి, కొందరి ఇంట మగ్గం, కొందరి ఇంట తాపీ ఉంటాయి. దరఖాస్తులో తండ్రి వృత్తి అనే గడి దగ్గరకు వచ్చేసరికి మన కలం ఆగుతుంది. 'కూలి' అని ఒక్క మాట రాసి ముగిస్తాం. విదేశంలో టోపీ చేసేవానిని కళాకారుడు అని పిలిచి, మన ఊళ్ళో చెప్పు కుట్టేవానితో పది రూపాయల దగ్గర బేరం ఆడటం చదువుకున్నవారికి తగదు. రెండు చోట్లా ఉన్నది ఒకే విద్య. ఒక మనిషి శరీరాన్ని గమనించి, ఆ ఒక్కరికి సరిపోయేట్టు వస్తువు చేయడమే ఆ విద్య.

కాబట్టి తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! వచ్చే సెలవుల్లో మూడు పనులు చేయండి. మొదటిది: టేపు తీసుకుని ఇంట్లో అందరి తలలూ కొలిచి, పైన చెప్పిన లెక్క ప్రకారం టోపీ సైజు కట్టండి. రెండవది: అమ్మానాన్నల పనిలో వాడే పనిముట్ల పేర్లు, పని దశలు అడిగి నోటుబుక్కులో రాయండి. ఆ మాటల్లో చాలా వరకు మన పాఠ్యపుస్తకాల్లో దొరకవు. మూడవది: ఆ పనిలో దుమ్ము, రసాయనం, పొగ వంటివి ఒంటికి ఏమి చేస్తున్నాయో గమనించండి. సైన్సు చదివిన మనం ఆ ప్రమాదాన్ని ఇంట్లో చెప్పడానికి ఇంకో 81 ఏళ్ళు ఆగనక్కరలేదు.

తలకు తగిన టోపీ దొరకడం అదృష్టమే. చేతికి తగిన విలువ దొరకడం మాత్రం అదృష్టానికి వదిలేయకూడదు. అది హక్కు. ఆ హక్కును అడగడానికే మనం చదువుకుంటున్నాము.