సైనికుని ఇల్లు – పంచాయతీ కర్తవ్యము

సెలవుపై వచ్చు జవాను అక్కన్నపేట స్టేషనులో రైలు దిగును. లేదా హైదరాబాదు–నాగపూరు రహదారిపై రామాయంపేటలో బస్సు దిగును. వెంట ఒక పెట్టె, మనస్సులో ఒక పెద్ద జాబితా. పాపకు జనన ధ్రువపత్రము తీసికొనవలెను. తండ్రి పోయిన పిమ్మట భూమి పట్టా ఇంకను మారలేదు. పొరుగువాడు పొలము గట్టు జరిపినాడని తల్లి ఫోనులో చెప్పినది. తీరా కచేరికి పోగా, "సారు మీటింగుకు పోయినారు, సోమవారము రండి" అని జవాబు. సోమవారము నాటికి సెలవు తీరిపోవును. జవాను రైలెక్కును, జాబితా ఇంటిలోనే ఉండిపోవును.

ఊరిలో ఉన్నవాడు సోమవారము కాకున్న మంగళవారము పోగలడు. సైనికునకు ఆ వీలు లేదు. అతని కుటుంబమునకు కలుగు చిక్కులలో పెక్కు బీదరికము వలన వచ్చినవి కావు. ఇంటి పెద్ద ఊరిలో లేకపోవుట వలన వచ్చినవి. ఈ లోటును తీర్చుటకు అందరికన్న దగ్గరగా ఉన్న సంస్థ పంచాయతీ. 2025 డిసెంబరు ఎన్నికలలో గెలిచి బాధ్యత స్వీకరించిన సర్పంచులు, వార్డు సభ్యులు ఈ విషయమును మొదటినుండియే మనస్సున ఉంచుకొనవలెను.

పూర్వ చరిత్ర

మన ప్రాంతమున పంచాయతీరాజ్ వ్యవస్థను 1959 అక్టోబరు 11న షాద్‌నగరులో ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ ప్రారంభించిరి. మూడేండ్లు తిరుగగానే, 1962లో, చైనాతో యుద్ధము వచ్చినది. ఆనాడు జాతీయ రక్షణ నిధికి పల్లెల నుండియు విరాళములు చేరినవి. 1963 జనవరి 26న గ్రామ స్వచ్ఛంద దళమును, గ్రామస్థుల శ్రమదానమును కూడబెట్టు రక్షణ శ్రమ బ్యాంకును ప్రభుత్వము ప్రారంభించినది. దేశరక్షణ సరిహద్దులోనే గాక గ్రామమునందును జరుగునని ఆ కాలము నేర్పినది.

2023 ఆగస్టులో 'నా మట్టి – నా దేశం' కార్యక్రమము క్రింద దేశమంతట గ్రామములలో వీరుల స్మారక శిలాఫలకములు నిలిపిరి. శిలకు దండ వేయుట మంచిదే. వీరుని ఇంటి తలుపు తట్టి యోగక్షేమములు విచారించుట అంతకన్న మంచిది.

పెద్ద సాయము – చిన్న సాయము

2020 జూన్ 15న గల్వాన్ లోయలో సూర్యాపేట వాస్తవ్యుడు కల్నల్ బి. సంతోష్ బాబు వీరమరణము పొందిరి. తెలంగాణ ప్రభుత్వము ఆ కుటుంబమునకు 5 కోట్ల రూపాయలు, ఇంటి స్థలము, ఆయన భార్యకు ఉద్యోగము ఇచ్చినది. మరుసటి ఏడు భారత ప్రభుత్వము ఆయనకు మహావీర చక్రము ప్రకటించినది. ఇట్టి పెద్ద సాయము ప్రభుత్వములు చేయవలసినది. పంచాయతీ చేయవలసినది చిన్న సాయము. కాని అది ఏటేట, నెలనెల అక్కరపడునది.

బ్రిటనులో 2011లో సాయుధ దళముల ఒడంబడిక అనునది ఏర్పడగా, అచ్చటి స్థానిక సంస్థలన్నియు దానిపై సంతకము చేసినవి. సైన్యములో పనిచేసిన కారణముచేత ఎవరికిని నష్టము కలుగరాదనుట దాని మూలసూత్రము. 2022 నవంబరు నుండి వైద్యము, విద్య, గృహవసతి విషయములలో ఈ సూత్రమును గమనించుట అచ్చటి సంస్థలకు చట్టరీత్యా విధియైనది. ఇందులో సైనికునికి ఇతరులకన్న ఎక్కువ పెట్టవలెనను మాట ముఖ్యము కాదు. అతడు లేడు గనుక తక్కువ కారాదు, అంతియే.

మన పంచాయతీ ఏమి చేయవలెను?

1. జాబితా: సేవలో ఉన్నవారు, మాజీ సైనికులు, సైనికుల వితంతువులు, వృద్ధులైన తల్లిదండ్రులు – వీరి పేర్లతో ఒక పుస్తకము ఉంచవలెను. 2022లో మొదలైన అగ్నిపథ్ పథకము క్రింద చేరిన అగ్నివీరుల పేర్లను గూడ చేర్చవలెను. నాలుగేండ్ల సేవ తీరినంతనే వీరిలో పెక్కుమంది చిన్న వయస్సుననే, పింఛను లేకయే, ఊరు చేరుదురు; వారికి ఉపాధి దారి చూపవలసి యుండును. సేవలో ఉన్నవాని దళము, అతడున్న చోటు మాత్రము ఆ పుస్తకమున వ్రాయరాదు. ఫోను గుంపులలో ప్రచారము చేయరాదు.

2. పేర్లు, పత్రములు: సైన్యపు రికార్డులో భార్య పేరు 'లక్ష్మి', ఆధారులో 'లక్ష్మమ్మ', బ్యాంకు పుస్తకములో 'కె. లక్ష్మి' అని ఉన్నదనుకొందము. భర్త బ్రతికియున్నంతకాలము ఇది ఎవరి కంటను పడదు. అతడు పోయిననాడు కుటుంబ పింఛను ఈ ఒక్క అక్షరభేదము వద్ద ఆగిపోవచ్చును. దుఃఖములో ఉన్న స్త్రీ కచేరుల చుట్టు తిరుగవలసి వచ్చును. వివాహమును, సంతానమును సైన్యములో పార్ట్-2 ఉత్తరువు ద్వారా సేవా రికార్డులకు ఎక్కింతురు. అందుకు ధ్రువపత్రములు కావలెను. కావున జననమైన 21 దినములలో నమోదు, వివాహ నమోదు, పేర్ల సరిచూపు – ఈ మూడింటిని జవాను సెలవుకు రాకముందే కార్యదర్శి సిద్ధము చేయించవలెను. మరణ ధ్రువపత్రము ఆలస్యము లేక ఇప్పించవలెను.

3. భూమి, దావా: భారతీయ సైనికుల వ్యాజ్య చట్టము 1925 నాటిది. యుద్ధ పరిస్థితులలో గాని, చట్టము చెప్పిన ఇతర ప్రత్యేక పరిస్థితులలో గాని ఉన్న సైనికుడు దావాలో కక్షిదారైనచో, అతని తరపున హాజరగు అధికారము గలవారు లేనపుడు, న్యాయస్థానము విచారణను నిలుపవలెనని అది చెప్పుచున్నది. అతడు రాలేని స్థితిని జిల్లా కలెక్టరు న్యాయస్థానమునకు ధ్రువపరుపవచ్చును. గట్టు తగవు కోర్టుకెక్కినదని తెలిసినంతనే సర్పంచు ఈ సంగతిని ఆ కుటుంబమునకు చెప్పి, కలెక్టరుకు అర్జీ వ్రాయించిన, ఒక ఎకరము నిలువవచ్చును.

4. పింఛను, సహాయ నిధులు: రక్షణ పింఛనుదారుడు ఏడాదికొకసారి తాను జీవించియున్నట్లు తెలుపవలెను. నేడిది 'స్పర్శ్' విధానములో, ఆధారు వేలిముద్రతో జరుగును. నడువలేని వృద్ధునకు పంచాయతీ భవనముననే ఒకనాడు ఏర్పాటు చేయించుట పెద్ద ఖర్చు కాదు. ఫోనులో రహస్య సంఖ్య అడుగువారిని నమ్మవలదని అదేనాడు హెచ్చరింపవలెను.

పింఛను లేని మాజీ సైనికులకు, వితంతువులకు రక్షణ మంత్రి సంక్షేమ నిధి కలదు. 2025 నవంబరు 1 నుండి దీని మొత్తములు రెట్టింపైనవి. హవల్దారు, తత్సమాన హోదా వరకు గలవారిలో 65 ఏండ్లు దాటి ఆదాయము లేనివారికి నెలకు 8,000 రూపాయలు. పిల్లల చదువుకు ఒక్కొక్కరికి నెలకు 2,000 రూపాయలు చొప్పున ఇద్దరికి. కుమార్తె పెండ్లికి 1,00,000 రూపాయలు. దరఖాస్తు సైనిక సంక్షేమ కార్యాలయము ద్వారా పోవలెను. ఈ నిధి ఉన్నదని తెలియకయే కాలము వెళ్లబుచ్చు వృద్ధురాలు మన ఊరిలో ఉన్నచో, ఆ లోపము ఆమెది కాదు.

5. ఇంటి పన్ను: ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2025లో గ్రామ పంచాయతీల పరిధిలో సేవలోనున్న సైనికుల ఇంటికి పన్ను మినహాయింపును విస్తరించినది. మినహాయింపు ఉత్తర్వులు మన గ్రామమున ఎవరికి వర్తించునో కార్యదర్శి మండల పరిషత్తులో విచారించి గ్రామసభలో చదివి వినిపింపవలెను. ఉత్తర్వు లేని మినహాయింపును సభ్యులు వాగ్దానము చేయరాదు.

6. పతాక దినము: 1949 నుండి ఏటేట డిసెంబరు 7న సాయుధ దళముల పతాక దినము జరుపుచున్నారు. ఆనాడు కూడిన విరాళమునకు రసీదులిచ్చి, మొత్తమును సైనిక సంక్షేమ కార్యాలయమునకు చేర్చి, లెక్కను గ్రామసభకు చెప్పవలెను.

చర్చింపవలసిన ప్రశ్నలు

రామాయంపేట 2018లో మునిసిపాలిటీ అయినది. చుట్టునున్న అక్కన్నపేట, కాట్రియాల, దామరచెరువు వంటి గ్రామములు పంచాయతీలుగనే ఉన్నవి. తెలంగాణ పంచాయతీరాజ్ చట్టము, 2018 ప్రకారము రెండు నెలలకొకసారియైనను గ్రామసభ జరుగవలెను. రాబోవు సభలో సభ్యులు ఈ ప్రశ్నలు వేసికొందురు గాక:

మన ఊరి నుండి సైన్యములో ఎందరున్నారు? వారి ఇండ్లలో ఏ పత్రము లోటుగా ఉన్నది? మన మాజీ సైనికులలో, వితంతువులలో పింఛను గాని, సాయము గాని అందనివారెవరు? వీరి పనులు చూచు బాధ్యత ఏ సభ్యునిది?

చివరి ప్రశ్నకు ఒక మనిషి పేరు జవాబుగా వ్రాయబడవలెను. 'అందరి బాధ్యత' అని వ్రాసినచో పని జరుగదు.

జవాను మరల సెలవుపై రైలు దిగిన దినమున, అతని జాబితాలోని పనులు ముందే తీరియున్నచో, ఆ కొద్ది దినములు కచేరి గుమ్మములో గాక తల్లి చెంత, బిడ్డల చెంత గడుపగలడు. పంచాయతీ అతనికి ఇయ్యగల సత్కారము అదియే.