ఫోన్ ప్యాక్ మార్చాలా? గూళ్లు అమ్మాకే మార్చండి

ఈసారి పాఠం ఆకు గురించి కాదు, రీఛార్జి గురించి.

1. 28 రోజుల ప్యాక్ నెల ప్యాక్ కాదు. ఏడాదికి 12 కాదు, 13 సార్లు వేయించాలి. ధరని రోజులతో భాగించి, రోజుకి ఎంత పడుతోందో చూసి పోల్చుకోండి.

2. అమ్మానాన్నల బటన్ ఫోన్‌కి నెట్ ఎందుకు? కాల్స్, ఎస్సెమ్మెస్‌లు మాత్రమే ఉండే ప్యాక్ కూడా కంపెనీలు ఇవ్వాలని ట్రాయ్ 2024 డిసెంబరులో నిబంధన పెట్టింది. అంగట్లో అదే అడగండి.

3. కంపెనీ మారాలంటే ముందు పురుగుల షెడ్డులో కొత్త సిగ్నల్ అందుతుందా చూడండి. ఇంగ్లీషులో పోర్ట్ అని కొట్టి, ఖాళీ వదిలి, మీ నంబరు వేసి 1900కి మెసేజి పంపండి. వచ్చే కోడ్ మన వైపు 4 రోజులే చెల్లుతుంది. పాత బ్యాలెన్సు కొత్త కంపెనీకి రాదు.

4. మారే రోజు కొన్ని గంటలు నంబరు పనిచేయదు. గూళ్ల డబ్బు పడిన మెసేజి, బ్యాంకు ఓటీపీ ఆ నంబరుకే కదా! అందుకే నాలుగో జ్వరం లేచినప్పటి నుంచి మార్కెట్ అయ్యేదాకా ముట్టుకోవద్దు. డబ్బు ఖాతాలో పడ్డాక, షెడ్డు కడిగి మందు కొట్టే రోజుల్లో మార్చుకోండి.

మీ ఇంట్లో రోజుకి ఎంత పడుతోందో లెక్క వేసి గ్రూపులో పెట్టండి.