వకీలు లేని కోర్టులో వస్త్రధారణ

స్వల్ప మొత్తాల తగాదాలను తక్కువ ఖర్చుతో, క్లుప్తమైన విచారణతో తేల్చడానికి అమెరికాలోని రాష్ట్రాలు ఏర్పాటు చేసుకున్న న్యాయస్థానాలను అక్కడ స్మాల్ క్లెయిమ్స్ కోర్టులు అంటారు. 1913లో ఒహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్ నగరంలో జరిగిన ప్రయోగం వీటికి తొలి నమూనాలలో ఒకటి. దావా వేయదగిన గరిష్ఠ మొత్తం రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. కాలిఫోర్నియాలో వ్యక్తులకు అది 12,500 డాలర్లు కాగా టెక్సాస్‌లో 20,000 డాలర్లు. ఇల్లు ఖాళీ చేసినా చేతికి రాని డిపాజిట్టు, మేస్త్రీ సగంలో వదిలేసిన మరమ్మతు పని, పక్కవారి వల్ల సొట్టపడిన కారు, స్నేహితుడికిచ్చి రాబట్టుకోలేకపోయిన చేబదులు వంటివే ఇక్కడికి వచ్చే వ్యాజ్యాలలో ఎక్కువ. కాలిఫోర్నియాలోనైతే ఈ విచారణలో ఏ పక్షం తరఫునా న్యాయవాది నిలబడి వాదించడానికి సాధారణంగా వీలులేదు, జ్యూరీ కూడా ఉండదు. వాది, ప్రతివాది ఎవరి మాట వారే చెప్పుకోవాలి. వస్త్రధారణ అనే ప్రశ్నకు ఇక్కడ బరువు వచ్చింది అందువల్లనే: వకీలు చాటున నిలబడే వెసులుబాటు లేని మనిషి తన కాగితాలతో పాటు తనను కూడా న్యాయమూర్తి ముందుంచుతున్నాడు.

నేరవిచారణలో మాదిరిగా ఈ కోర్టు సందేహాతీతమైన రుజువును కోరదు. ఇరుపక్షాల కథనాలలో ఏది నిజమయ్యే అవకాశం ఎక్కువో చూసి, త్రాసు కాస్త మొగ్గినవైపు తీర్పు ఇస్తుంది. రసీదు, ఒప్పందపత్రం, ఫొటో ఉన్నచోట ఆ మొగ్గు వాటితోనే తేలిపోతుంది. అవి లేక ఒకరి మాటకు మరొకరి మాట ఎదురు నిలిచినప్పుడు మాత్రం, చెప్పేవారి నిలకడ, స్పష్టత, ఎదుటివారి పట్ల మర్యాద అన్నీ లెక్కలోకి వస్తాయి. దుస్తుల పాత్ర ఇంతవరకే పరిమితం. మంచి బట్టలు బలహీనమైన దావాను గెలిపించవు. అయితే కొద్ది నిమిషాల్లో ముగిసే విచారణలో న్యాయమూర్తి దృష్టిని కాగితాల మీద నుంచి చొక్కా మీదికి మళ్లించే బట్టలు బలమైన దావాకు కూడా అనవసరమైన అడ్డు అవుతాయి. చూసినవారికి ఆ తరువాత గుర్తుండకపోవడమే ఈ సందర్భంలో దుస్తులకు ఉండదగిన ఉత్తమ గుణం.

వ్యక్తిత్వ వికాస గ్రంథాలు సాధారణంగా ఇంతకంటే పెద్ద మాటలు చెబుతాయి. జాన్ మొల్లాయ్ 1975లో ప్రచురించిన ‘డ్రెస్ ఫర్ సక్సెస్’ నాటినుంచి, సరైన కోటు తొడిగితే విజయం దానంతట అదే నడిచి వస్తుందన్న భావన ఆ సాహిత్యంలో పాతుకుపోయింది. 2012లో హాయో ఆడమ్, ఆడమ్ గలిన్‌స్కీ అనే పరిశోధకులు, తాము వేసుకున్న తెల్లకోటు వైద్యుడిదని నమ్మినవారిలో ఏకాగ్రత పెరిగిందని ప్రకటించగా, ధరించిన వస్త్రం ధరించినవారి ఆలోచనను మారుస్తుందనే సిద్ధాంతానికి ఎక్కడలేని ప్రచారం లభించింది. ఆ పరిశోధనలోని తొలి ప్రయోగాన్ని మరింతమందితో తిరిగి చేసి 2019లో ప్రచురించిన ఫలితాలలో తెల్లకోటు ప్రభావం కనిపించలేదన్న సంగతికి మాత్రం అంత ప్రచారం దక్కలేదు. కాబట్టి కోటు తొడుక్కున్నంత మాత్రాన ధైర్యం వస్తుందని కక్షిదారుకు భరోసా ఇవ్వడం నిజాయితీ కాదు. ముందురోజు రాత్రే బట్టల సంగతి తేల్చుకున్నవారికి మరుసటి ఉదయం ఒక చింత తగ్గుతుందన్నది మాత్రం నిరూపణ అవసరం లేని విషయం.

చూసేవారి మీద దుస్తుల ప్రభావం ఉంటుందని చట్టమే అంగీకరించిన సందర్భం ఒకటుంది. నిందితుడిని జైలు దుస్తులతోనే జ్యూరీ ముందు నిలబడమని ప్రభుత్వం నిర్బంధించరాదని అమెరికా సుప్రీంకోర్టు 1976లో ఎస్టెల్ వర్సెస్ విలియమ్స్ కేసులో ప్రకటించింది. ఆ బట్టలు అతని స్థితిని జ్యూరీ సభ్యులకు అనుక్షణం గుర్తుచేస్తూ, దోషి కాదనుకోవలసిన మనిషిని దోషిగా చూడడానికి దారితీస్తాయన్నది అందులోని తర్కం. చిత్రమేమంటే, ఆ కేసులోని నిందితుడు విలియమ్స్ తన విచారణ సమయంలో అభ్యంతరం చెప్పలేదు గనుక నిర్బంధం జరిగినట్లు తేలలేదంటూ అదే తీర్పు అతనికి ఉపశమనం నిరాకరించింది. దుస్తుల విషయంలోనైనా హక్కును సకాలంలో నోరువిప్పి అడగాలన్న సంగతిని ఈ కేసు అనుకోకుండానే చెబుతోంది.

ఇక ఆచరణలోకి వస్తే, సూటూ టై తప్పనిసరి కావు. ఉతికి ఇస్త్రీ చేసిన కాలరు చొక్కా, ప్యాంటు, బూట్లు పురుషులకు చాలు. స్త్రీలకు ఆఫీసుకు వేసుకువెళ్లే చొక్కా-ప్యాంటు, చుడీదారు, చీర ఏదైనా చాలు. నిక్కర్లు, చేతుల్లేని బనియన్లు, రబ్బరు చెప్పులు, టోపీలు, రెచ్చగొట్టే రాతలున్న టీషర్టులు కూడదని అనేక కోర్టులు తమ నియమాలలోనే రాసిపెడతాయి గనుక, సమన్లతో వచ్చిన కాగితాలనూ ఆ కోర్టు వెబ్‌సైటునూ ముందుగా చదవాలి. పని మధ్యలో నుంచి రావలసిన మెకానిక్కు, నర్సు, ప్లంబరు శుభ్రమైన యూనిఫాంలో వచ్చినా తప్పుపట్టవలసిందేమీ లేదు. అది వారి వృత్తికి సాక్ష్యం, అరువు తెచ్చుకున్న కోటులో ఇబ్బందిపడుతూ నిలబడడం కంటే ఎంతో నయం. చాలా కోర్టుల గుమ్మంలో లోహాలను పసిగట్టే యంత్రం ఉంటుంది కాబట్టి పెద్ద బకిల్ ఉన్న బెల్టులు, జేబుకత్తులు, బరువైన నగలు ఇంటి దగ్గరే ఉంచడం మేలు. గాజులూ తాళిబొట్టూ తీయలేనివారు, అక్కడ ఆలస్యమైతే పేరు పిలిచే వేళకు లోపల ఉండరు గనుక, అరగంట ముందే చేరుకోవాలి.

వీటన్నిటికంటే లోతైన చిక్కు మరొకటుంది. కాలిఫోర్నియాలో డబ్బు బాకీ ఉన్నట్లు తేలిన ప్రతివాది వాయిదాలలో చెల్లించడానికి అనుమతి అడగవచ్చు. అలా అడిగే మనిషి మణికట్టుకు ఖరీదైన గడియారం మెరుస్తుంటే, నోరు చెప్పేదాన్ని చెయ్యి ఖండిస్తున్నట్లే. అందుకు విరుగుడుగా, కలిగినవాడు కావాలని చిరుగుల చొక్కా వేసుకు రావడం అంతకంటే హీనం, ఎందుకంటే అది దుస్తులతో చెప్పే అబద్ధం. ప్రమాణం చేసి నిజమే చెబుతానన్నవాడి వేషం ఆ ప్రమాణానికి వెలుపల ఉండజాలదు. సాధారణంగా ఉన్నదానికి ఒక మెట్టు మాత్రమే శ్రద్ధగా కనిపించడం, అంతకుమించి మరొకరిలా కనిపించే ప్రయత్నం చేయకపోవడం ఇందులోని వివేకం. వ్యక్తిత్వమనే మాటకు పనికివచ్చే అర్థమేదైనా ఉంటే, మాటకూ చేతకూ రూపానికీ నడుమ ఈ పొందికే.

టెక్సాస్, కాలిఫోర్నియా, న్యూజెర్సీలలో స్థిరపడిన తెలుగువారికి మతాచార చిహ్నాల గురించి అదనపు సందేహం కలగడం సహజం. బొట్టు, చీర, మంగళసూత్రం వల్ల చిక్కేమీ లేదు. టోపీ తీయాలన్న నియమం ఉన్న కోర్టులు కూడా సిక్కుల తలపాగా, ముస్లిం స్త్రీల హిజాబు వంటివాటిని మినహాయించడం పరిపాటి. అయ్యప్ప దీక్షలో ఉన్నవారి నల్లబట్టలకూ మాలకూ ఇబ్బంది రాకపోవచ్చు గానీ, పాదరక్షలు లేనిదే అనేక కోర్టుభవనాలలోకి రానివ్వరు. అటువంటివారు విచారణ ఉదయాన గుమ్మంలో వాదన పెట్టుకోవడం కంటే, ముందే కోర్టు క్లర్కుకు సంగతి తెలపడమో, తేదీ మార్పు కోరడమో మంచిది. కాలిఫోర్నియాలో అటువంటి అభ్యర్థనను విచారణకు కనీసం 10 రోజుల ముందు దాఖలు చేయాలని చెబుతారు.

ఎక్కడ తలవంచాలి, ఎక్కడ వంచకూడదు అన్న ప్రశ్నకు గాంధీ జీవితంలో రెండు భిన్నమైన సమాధానాలు ఉన్నాయి. 1893లో డర్బన్ కోర్టులో మెజిస్ట్రేటు తలపాగా తీయమన్నప్పుడు ఆయన నిరాకరించి బయటికి నడిచాడు. మరుసటి ఏడాది నేటాల్ సుప్రీంకోర్టులో న్యాయవాదిగా ప్రమాణం చేసిన తరువాత ప్రధాన న్యాయమూర్తి అదే కోరగా తలపాగా తీశాడు. తన శక్తిని పెద్ద పోరాటాలకు దాచుకోవాలనుకున్నానని ఆత్మకథలో వివరించాడు. మొదటిసారి ధీరత్వం, రెండోసారి లొంగుబాటు అని తీర్పు చెప్పడం తేలిక. నిజానికి రెండోసారే ఆయన తన వృత్తినీ తన ఉద్దేశాన్నీ తూచి చూసుకుని నిర్ణయించాడు. డిపాజిట్టు రాబట్టుకోవడానికి వచ్చిన కక్షిదారుకు కూడా ఆ తూకమే అవసరం: తొలగించమన్నది విశ్వాసానికి సంబంధించినదైతే మర్యాదగా మినహాయింపు కోరాలి, క్రికెట్ జట్టు టోపీ అయితే జేబులో పెట్టుకోవాలి.

భారతదేశంలో దీనికి దగ్గరి వేదిక 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద పనిచేసే జిల్లా కమిషన్. అక్కడ న్యాయవాదిని పెట్టుకోవడానికి వీలున్నా, ఫిర్యాదుదారు స్వయంగా వాదించుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ జిల్లాలలో పంచెకట్టుతో వెళ్లినవారికైనా ప్యాంటు చొక్కాతో వెళ్లినవారికైనా ఒకటే గౌరవం దక్కాలి. నల్లకోటు, మెడకు తెల్లని బ్యాండు న్యాయవాదుల వృత్తిచిహ్నాలు కాబట్టి ఆ పోలిక వచ్చే వేషం కక్షిదారు మానుకోవాలి. న్యాయపీఠానికి కూడా ఈ విషయంలో హద్దు ఉంది: ప్రభుత్వాధికారుల సొంత కార్యాలయపు దుస్తుల నియమాన్ని ఉల్లంఘిస్తే తప్ప, వారి దుస్తుల మీద, రూపం మీద న్యాయస్థానాలు వ్యాఖ్యానించరాదని సుప్రీంకోర్టు 2024 జనవరిలో నిర్దేశించింది.

కోవిడ్ తరువాత వీడియో ద్వారా హాజరయ్యే సౌకర్యం చాలాచోట్ల కొనసాగుతుండడంతో, దుస్తులతో పాటు వెనుక గోడ, వెలుతురు కూడా వేషంలో భాగమయ్యాయి. సన్నని చారల చొక్కా కెమెరాలో మినుకుమినుకుమంటుంది. నడుము దాకా కోటు, కింద లుంగీ అన్న ఏర్పాటు కాగితం కోసం లేచినప్పుడు బయటపడుతుంది. 2021లో టెక్సాస్‌లోని ఒక న్యాయవాది వీడియోలో ముఖాన్ని మార్చే ఫిల్టరును తొలగించడం తెలియక న్యాయమూర్తికి పిల్లికూన ముఖంతో కనిపించిన ఉదంతం లోకమంతా చూసింది. వీడియో ఏర్పాటును ముందురోజు పరీక్షించి చూసుకోవడం ఇస్త్రీతో సమానమైన పని.

తీర్పు చాలాసార్లు అక్కడికక్కడే వెలువడదు, తపాలాలో వస్తుంది. కాలిఫోర్నియాలో తాను వేసిన దావా మీద ఓడిపోయిన వాదికి అప్పీలు హక్కు లేదు, ప్రతివాదికి ఉంది. గెలిచినా డబ్బు వసూలు చేసిపెట్టే బాధ్యత కోర్టు తీసుకోదు. బాకీదారు చెల్లించకపోతే, అతని ఆస్తుల వివరాలు ప్రమాణపూర్వకంగా రాబట్టడానికి గెలిచినవారు అతన్ని మళ్లీ కోర్టుకు పిలిపించుకోవలసి రావచ్చు. ఆ రోజుకు కొత్త బట్టలు కొననవసరం లేదు.